గోడ మీద రొట్టె ముక్క

ముర్సల్ ముఖాన్ని ఎవరో మంటలో పెట్టి పట్టుకున్నారు. మంట చల్లారేదాకా కాదు. మనిషి చల్లారేదాకా.

అక్కడి మంటలు చల్లారేవి కావు. బాకూ శివార్లలో, పాత నూనె బావుల వెనక, నేల పగుళ్లలోంచి గ్యాస్ ఊరుతూ రాళ్ల సందున జానెడెత్తున తనంతట తానే మండుతూ ఉంటుంది. గొర్రెల కాపరులు దాని మీద టీ కాచుకుంటారు. ఆ తెల్లవారుజామున దాని పక్కన బోర్లా పడి ఉన్న మనిషిని జెయ్‌హున్ ముఖం చూసి గుర్తుపట్టలేదు. చూడటానికి ముఖం మిగల్లేదు. స్వెట్టర్ మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో వేసిన అతుకు చూసి గుర్తుపట్టాడు. ఆ అతుకు వేస్తూ సనమ్ వదిన మొగుణ్ణి తిట్టిన తిట్లు అతను స్వయంగా విన్నాడు.

"మనవాడేనా?" అన్నాడు అతని పై అధికారి, గూఢచారి విభాగం కల్నల్ అలస్గర్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"మనవాడే సార్."

"ఖాయంగా చెప్తున్నావా?"

"వీణ్ణి ఈ పనిలోకి దింపింది నేనే కదా సార్."

ముర్సల్ టూరిస్టు గైడు. విదేశీయులను బస్సెక్కించి, ఒక్క రోజులో మండే కొండనూ పాత అగ్నిగుడినీ చూపించి తెచ్చేవాడు. దారిలో వాళ్లు మాట్లాడుకునేది విని, పనికొచ్చేదేదైనా ఉంటే జెయ్‌హున్ చెవిన వేసేవాడు. అమాయకుడు. గూఢచర్యమంటే కాస్త గుసగుసగా చేసే గైడు పని అనుకున్నాడు.

కల్నల్ బ్రీఫింగ్ శవం పక్కనే మొదలుపెట్టాడు. ఆయనకు ఎక్కడ నిలబడితే అదే ఆఫీసు.

"నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. సాలమాండర్ ముఠా మనిషి ఒకరు రేపటి టూర్ బస్సులో ఉంటారు, ఎవరో పొద్దున చెప్తానన్నాడు. పొద్దున్నయింది. ఇదీ చెప్పిన తీరు."

"ముఠా ప్లాన్ ఏమిటి సార్?"

"సముద్రంలో వాళ్లదో ఓడ ఉంది. ఓడలో డ్రోన్. మన జామర్లు దాన్ని దారి తప్పించలేవు, ఎందుకంటే దానికసలు దారే తెలీదు. గుడ్డిది. కుక్క వాసన పట్టినట్టు వేడిని పట్టుకుంటూ వస్తుంది. నేల మీదున్న మనిషి పిలిస్తే ఓడ మీంచి లేస్తుంది. దగ్గరికొచ్చాక అక్కడ ఏది అన్నిటికంటే ఎక్కువ మండుతుంటే దాని మీద పడుతుంది."

"ఈ ఊళ్లో మండనిదేముంది సార్?"

"అదేరా నా బెంగ. ఇవాళ మధ్యాహ్నం నాలుగు దేశాల ఇంధన మంత్రులకి మండే కొండ చూపిస్తున్నాం. రద్దు చేస్తే భయపడ్డామంటారు. భయపడేవాడి దగ్గర గ్యాస్ ఎవడు కొంటాడు? ఆ బస్సులో ఉన్నది ఎవరో తేల్చు. ముర్సల్‌ని ఎవడో విదేశీవాడు చంపి ఉంటాడు. అక్కణ్ణించి వెతుకు."

"విదేశీవాడు కాదు సార్."

జెయ్‌హున్ వేలు చూపించాడు. శవం పక్కన ఓ కూలిన గోడ. పెనుగులాటలో ముర్సల్ తిండిమూట విడిపోయినట్టుంది. చీజ్ ముక్క బూటు కింద నలిగి మట్టిలో కలిసిపోయింది. ముర్సల్ చేతివేళ్లు కూడా అదే బూటు కింద నలిగాయి. కానీ ఆ మూటలోని తందూర్ రొట్టె ముక్క మాత్రం గోడ మీద, ఎవరి కాలూ తగలనంత ఎత్తులో, వెల్లకిలా, పద్ధతిగా పెట్టి ఉంది.

కల్నల్ రుమాలు దించి, దాని దగ్గరికి వెళ్లి చూశాడు.

కింద పడ్డ రొట్టెను ఆ దేశంలో ఎవరూ తొక్కరు. తీసి, పెదవులకూ నుదుటికీ ఆనించి, ఎత్తు మీద పెడతారు. పిల్లలకు నడక వచ్చేలోపే అమ్మమ్మలు ఈ సంగతి నేర్పుతారు. తర్వాత ఎవరూ నేర్పనక్కర్లేదు. చేతులు వాటంతటవే చేసేస్తాయి.

"మనిషిని కాల్చడానికి చెయ్యి వణకలేదు. రొట్టెను తొక్కడానికి కాలు రాలేదు. ఇది మన గడ్డ మీద పెరిగిన మనిషి పని సార్."

"సరే. ఇవాళ బస్సుకి గైడువి నువ్వే." కల్నల్ ఓ బెల్టు మైకు అందించాడు. "పక్కన బటన్ నొక్కితే నీ మాట బస్సులోవాళ్లకి కాదు, నాకు వినపడుతుంది. ఇదుగో జెండా."

పసుప్పచ్చ గుడ్డ, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. జెయ్‌హున్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేం చేస్తుంది సార్?"

"ఊగుతుంది." కల్నల్ కారు వైపు నడుస్తూ ఆగాడు. "ఇంకో మాట. ముర్సల్ చచ్చిపోయినట్టు ఎవరికీ తెలియకూడదు. శవం ఇంకా దొరకలేదనే వాళ్లు అనుకోవాలి."

"సనమ్ వదినకి?"

"అందరికంటే ఆవిడకే తెలియకూడదు. గుడి ఎదురుగా టీకొట్టు ఆవిడదేగా? ఏడ్చే ఆడమనిషిని చూస్తే వాళ్లు సర్దుకుంటారు. వీఐపీ పార్టీ కోసం ఎయిర్‌పోర్టుకి పోయాడు, సాయంత్రంలోగా గుడికొస్తాడు అని చెప్పు."

చావు కబురు చల్లగా చెప్పినవాడిని లోకం తిడుతుంది. అసలు చెప్పనివాడిని ఏమనాలో జెయ్‌హున్‌కు తెలియలేదు.

*

బస్సు డ్రైవర్ బాలోగ్లాన్‌కు మీసం పెద్దది, నోరు అంతకంటే పెద్దది.

"ముర్సల్ ఏడన్నా?"

"ఎయిర్‌పోర్టుకి పోయాడు. వీఐపీలు."

"చూశావా, వాడికి వీఐపీలు, నాకు నువ్వు! వాడైతే జోకులేస్తాడు. నీకు జోకులు వచ్చా?"

"రావు."

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. పన్ను కట్టించుకునే ఆఫీసరు మొహం. కాస్త నవ్వన్నా, టూరిస్టులు దడుచుకుంటారు!"

జెయ్‌హున్ నవ్వాడు. బాలోగ్లాన్ అద్దంలో చూసి, "వద్దులే, మామూలుగానే ఉండు" అన్నాడు.

అద్దంలో ప్రయాణికులందరూ కనిపిస్తున్నారు. ముందు సీట్లో ఒగిల్వీ అనే ముసలి ఇంగ్లీషు పెద్దమనిషి. ఏది చెప్పినా "నిజంగానా?" అని అడగడం ఆయన అలవాటు. వెనక కొత్తగా పెళ్లయిన జంటలు, రిటైరైన టీచర్లు, నిద్రపోయే కుర్రాళ్లు. చివరి కిటికీ దగ్గర క్లౌదియా. ఇటలీ ఫోటోగ్రాఫర్ అని టికెట్టు మీద ఉంది. పొడవాటి మెడ, ఎర్రటి సిల్కు స్కార్ఫు, ఒడిలో పెద్ద కెమెరా. ఆమె బస్సెక్కినప్పటి నుంచి బాలోగ్లాన్ రోడ్డు కంటే అద్దమే ఎక్కువ చూస్తున్నాడు.

"ఈ కొండ ఎప్పటినుంచి మండుతోంది?" అని అడిగాడు ఒగిల్వీ.

"ఎవరికీ గుర్తు లేనప్పటి నుంచీ."

"నిజంగానా? వానొస్తే?"

"వానలోనూ మండుతుంది. మంచు పడితే దాని చుట్టూ మాత్రం కరిగిపోతుంది."

"నిజంగానా?"

మండే కొండ యానార్ దాగ్ దగ్గర బస్సు ఆగింది. కొండ అడుగున పొడవాటి గోడలా మంట. ఉత్తరపు గాలికి అది పక్కకు వాలి, మళ్లీ లేచి నిలబడుతోంది. మంట దగ్గరకు దిగడానికి ఇరుకైన రాతిమెట్లు. జెయ్‌హున్ అందరికంటే ముందు దిగుతూ, జేబులోంచి రొట్టె ముక్క తీసి, ఎవరూ చూడకుండా ఓ మెట్టు మధ్యలో జారవిడిచాడు. రొట్టెను కావాలని కింద పడేయడం అతను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కింద నిలబడి జెండా ఊపాడు.

ఒగిల్వీ సరిగ్గా దాని మీదే కాలు పెట్టి, "అయ్యో, ఏదో మెత్తగా!" అన్నాడు. కొత్త పెళ్లికొడుకు దాన్ని బూటుతో పక్క మెట్టు మీదికి తన్నాడు. టీచరమ్మ చూసి, దాటి, వెళ్లిపోయింది.

చివర్న క్లౌదియా దిగింది. ఫోన్‌లో ఇటాలియన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. మాట ఆగలేదు, నవ్వూ ఆగలేదు. ఒంగి రొట్టె ముక్క తీసింది. పెదవుల దాకా తెచ్చి, నుదుటికి ఆనించి, పక్కనున్న బండరాయి మీద పెట్టింది. ఫోన్‌లో మాట్లాడుతూనే చేతి వేళ్లకంటిన పిండి దులుపుకుంది. తను చేసిన పని తనకే తెలిసినట్టు లేదు.

జెయ్‌హున్ చేతిలో జెండా ఆగిపోయింది. పొద్దున గోడ మీద చూసిన రొట్టె ముక్క కళ్ల ముందు కదిలింది.

అందరూ మంట ముందు ఫోటోలు దిగుతుంటే ఆమె నేరుగా అతని పక్కకొచ్చి నిలబడింది. ఎదుట మంటను చూస్తూ, పెదవులు కదలకుండా, అచ్చమైన బాకూ యాసలో అడిగింది.

"ఇవాళ ఖజ్రీయా, గిలావరా?"

ఉత్తరపు గాలా, దక్షిణపు గాలా అని. అది కల్నల్ అలస్గర్ మనుషుల కోడ్. బయటివాళ్లకు తెలిసే వీల్లేదు. జెయ్‌హున్ జవాబు చెప్పాడు.

"గాలి ఏదైనా దీపం మాది."

"హమ్మయ్య. నువ్వు కొత్త గైడువి అనగానే అనుకున్నాను. నా అసలు పేరు హుమాయ్. రెండేళ్లుగా సాలమాండర్‌లో ఉన్నాను, కల్నల్ పంపితేనే. విను, టైం లేదు. వాళ్ల గురి ఈ కొండే. మంత్రులు ఇక్కడ నిలబడగానే డ్రోన్ వస్తుంది. వాళ్లని ఇక్కడికి రానివ్వకండి."

"ఎక్కడికి మార్చాలి?"

"చుట్టూ రాతిగోడ ఉన్న చోటికి. అగ్నిగుడి ఉందిగా. అదైతే భద్రం."

"ముర్సల్‌ని ఎవరు చంపారు?"

ఆమె కనురెప్ప వేయలేదు. "ముఠా నాయకుడు. నేను ఆపలేకపోయాను. పాపం, మంచివాడు."

జెయ్‌హున్ పక్కకు వెళ్లి మైకు బటన్ నొక్కాడు. జరిగింది చెప్పాడు. చివర్న, "సార్, రొట్టె తీసి బండ మీద పెట్టింది. ముర్సల్ దగ్గరున్నది ఈవిడే" అన్నాడు.

"రొట్టె మీద కేసు కట్టమంటావా?" చెవిలో కల్నల్ గొంతు కరకరలాడింది. "నా పెళ్లాం తొక్కదు, నా కూతురు తొక్కదు, నేనూ తొక్కను. రేపు మా ఇంట్లో అందర్నీ అరెస్టు చేస్తావా? ఆ పిల్ల ఈ బస్సులో ఉందని నాకూ ఇప్పుడే తెలిసింది గానీ, రెండేళ్లలో నాకు మూడు ముఠాలు పట్టిచ్చింది. నా చేత్తో పెంచాను దాన్ని. అది చెప్తే నేను చెప్పినట్టే. కొండ దగ్గర మన టీమ్ కాపు కాస్తుంది. మంత్రుల్ని గుడికి తీసుకొస్తున్నాను. నువ్వు టూర్ కానిచ్చేయ్."

"సార్..."

"కానిచ్చేయ్ అన్నాను."

బటన్ వదిలేశాడు. కల్నల్ అన్నదాంట్లో తప్పేముంది? బాకూలో రొట్టె తొక్కేదెవరు? తొక్కనివాళ్లంతా హంతకులైతే ఊరంతా జైలే. బస్సు ఎక్కుతూ వెనక్కి చూశాడు. బండ మీద రొట్టె ముక్క అలాగే ఉంది. వెల్లకిలా.

*

అగ్నిగుడి గోడల మీద పాతకాలపు హిందూ వర్తకులు చెక్కించిన రాతలున్నాయి. వినాయకుడి పేరు, శివుడి పేరు, ఏ సంవత్సరంలో ఎవరు కట్టించారో ఆ వివరం. చుట్టూ చీకటి గదులు, మధ్యలో నాలుగు స్తంభాల మంటపం, అందులో మంట. గుడి బయట, గోడకు ఎదురుగా, సందు దాటితే సనమ్ టీకొట్టు. టీ నీళ్లు కాచే పెద్ద ఇత్తడి సమోవర్‌లో పైన్ కాయలు వేసి మండిస్తుంది. దాని గొట్టంలోంచి ఎప్పుడూ నిప్పు నాలుక బయటికి చాపి ఉంటుంది.

"వచ్చాడయ్యా పెద్దమనిషి!" సనమ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా మొగుడేడి తమ్ముడూ? చీకటితో పోయాడు. ఫోన్ ఎత్తడు. మళ్లీ ఎక్కడ తగలడ్డాడు?"

తగలడ్డాడన్న మాట జెయ్‌హున్ చెవిలో సూదిలా దిగింది.

"ఎయిర్‌పోర్టుకి వదినా. వీఐపీలొస్తే పోయాడు. సాయంత్రంలోగా ఇక్కడికే వస్తాడు."

"వీఐపీలు! ఇంట్లో ఉన్న పెళ్లానికి ఒక్క ఫోన్ చెయ్యలేడు గానీ. రానీ, వాడి పని చెప్తా. పొద్దున రొట్టె మూట కట్టిస్తే, చీజ్ ఇంకాస్త పెట్టవే అని పిల్లాడిలా గోల. పెట్టాను. తిన్నాడో లేదో." ఆమె అతని ముఖంలోకి చూసింది. "నువ్వేంటి అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా?"

"నిద్ర లేదు వదినా."

"కూర్చో. టీ తాగు. టీ తాగితే పోని జబ్బు లేదు."

ప్రయాణికులను గుడిలోకి పంపి వచ్చేసరికి క్లౌదియా టీకొట్టు బయట బల్ల ముందు కూర్చుని ఉంది. స్కార్ఫు మెడకు బిగించి చలికి ముడుచుకుంది. సనమ్ ఆమెను చూసి జాలిపడి, కుర్చీ పట్టుకుని లాగి సమోవర్ పక్కకు జరిపింది. "ఎండుటాకులా ఉన్నావు తల్లీ, ఇలా వెచ్చగా కూర్చో" అని, వేడి రొట్టె ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. భాష రానట్టు క్లౌదియా ముద్దుగా నవ్వింది.

"లోపలికి రారా మేడమ్?" అన్నాడు జెయ్‌హున్.

"మంటలు చూసీ చూసీ విసుగొచ్చింది" అంది ఇంగ్లీషులో. తర్వాత సనమ్ వైపు తల ఊపి, "ఆవిడ దేని గురించి అంత మురిసిపోతోంది? అడిగి చెప్పండి గైడ్ గారూ" అంది.

ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. ఆ సంగతి అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. వినోదం కోసం అడుగుతోంది.

"మొగుడికి చీజ్ ఎక్కువ పెట్టానంటోంది" అని జెయ్‌హున్ తర్జుమా చేశాడు.

"ఎంత ప్రేమ!" అంది క్లౌదియా.

సందు చివర నల్ల కార్లు వచ్చి ఆగాయి. మంత్రులు దిగారు. వాళ్ల ముందు కల్నల్ అలస్గర్ కొత్త సూట్‌లో, పెళ్లికొడుకు తండ్రిలా. అందరూ గుడి గేటులోంచి లోపలికి నడిచారు. క్లౌదియా వాళ్లను చూడలేదు. కెమెరా బల్ల మీద పెట్టి దాని మీద ఒక మీట నొక్కి, గాలికి ఎగిరిన స్కార్ఫు సర్దుకోవడానికి పక్కకు తిరిగింది.

ఆ కాసేపట్లో జెయ్‌హున్ కెమెరా తెర చూశాడు.

తెర మీద గుడి లేదు, టీకొట్టు లేదు. నల్లటి నీళ్లు వెనక్కి పరిగెడుతున్నాయి. తర్వాత ఒడ్డు. తర్వాత ఇళ్ల కప్పులు. పైనుంచి, పక్షి చూసినట్టు. అంతా నలుపే. మధ్యలో ఒకే ఒక్క తెల్లటి చుక్క, దాని మీద సన్నటి ఎర్ర గీతలతో శిలువ గుర్తు. చుక్క పెద్దదవుతోంది.

మంత్రులు లోపలికి వెళ్లగానే ఆమె మీట నొక్కి డ్రోన్‌ను పిలిచింది. గురి కొండ కాదు. గుడి మధ్యలో ఉన్న మంట. కల్నల్ తన చేత్తో పెంచిన పిల్ల, కల్నల్ చేత్తోనే మంత్రులను దాని ముందుకు నడిపించింది.

"నా జనం లోపల ఎదురుచూస్తుంటారు" అన్నాడు జెయ్‌హున్.

క్లౌదియా తలెత్తి తియ్యగా నవ్వింది. "వెళ్లండి గైడ్ గారూ. అందర్నీ మంట దగ్గరగా నిలబెట్టండి. ఫోటో బాగా వస్తుంది."

అతను గోడ మలుపు తిరిగేదాకా నడిచి, అక్కణ్ణించి పరిగెత్తాడు. బటన్ నొక్కాడు. "సార్, గురి గుడే. డ్రోన్ వచ్చేస్తోంది. అందర్నీ బయటికి..."

"ఏంటి? గేటు ఒక్కటే, అదీ ఇరుకు, ఇంతమందిని... ఎంతసేపు ఉంది?"

జవాబు ఆకాశం చెప్పింది. సముద్రం వైపు నుంచి పాత మోపెడ్ ఎత్తెక్కుతున్నట్టు పటపటమనే చప్పుడు.

ఆమెను కాల్చి లాభం లేదు. డ్రోన్ లేచిన తర్వాత దానికి ఆమెతో పని లేదు. దానికి కావాల్సింది మంట. యుగాలుగా ఆరని మంట.

కానీ ఆరింది. బాకూలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చుట్టూ బావులు తవ్వి నేలలోని గ్యాసంతా లాగేశాక, తాతల కాలంలోనే ఓ రోజు గుడిలో నిప్పు దానంతటదే ఆరిపోయింది. ఇప్పుడు మండేది ఊళ్లోంచి పైపులో వచ్చే గ్యాసు, వంటింట్లో స్టవ్వులోకి వచ్చేదే. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఓసారి ముర్సల్ అతన్ని గోడ వెనక్కి తీసుకెళ్లి, సందులోకి కనిపించే మూల మీద ఓ ఇనప పెట్టె చూపించాడు. "చూశావా జెయ్‌హున్, దేవుడి మెడ ఇక్కడుంది. ఇలా తిప్పితే ఊపిరాగుతుంది" అని పగలబడి నవ్వాడు.

అక్కడికి చేరాడు. పెట్టెకు తాళం. జెయ్‌హున్ చేతిలోని జెండా కడ్డీని కొక్కెంలో దూర్చి, ఒళ్లంతా బరువేసి మెలితిప్పాడు. తాళం ఊడిపడింది. ఊగడానికి తప్ప పనికిరాదన్న వస్తువు పనికొచ్చింది.

వాల్వ్ మీద చెయ్యి వేశాడు. అప్పుడే కల్నల్ పొద్దున చెప్పిన మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఏది అన్నిటికంటే ఎక్కువ మండుతుంటే దాని మీద. గుడిలో మంట ఆరితే, తర్వాత మండేది ఏది?

తల తిప్పాడు. సందు అవతల సమోవర్ గొట్టంలోంచి నిప్పు నాలుక. దానికి ఇటు పక్క కుర్చీలో ఎర్ర స్కార్ఫు. అటు పక్క సనమ్, గ్లాసు తుడుస్తూ, గుడి గేటు వైపు చూస్తూ.

పారిపో అని అరిస్తే ఎందుకని అడుగుతుంది. డ్రోన్ అంటే నవ్వుతుంది. మొగుడి మీద పెట్టుకున్న కళ్లను అక్కణ్ణించి కదిలించగలిగే మాట ఈ లోకంలో ఒక్కటే ఉంది. జెయ్‌హున్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"వదినా! ముర్సల్ వచ్చాడు! సందు చివర రోడ్డు మీదున్నాడు, నిన్ను పిలుస్తున్నాడు! పరిగెత్తు!"

సనమ్ ముఖం వెలిగిపోయింది. "వచ్చాడా దొంగ సచ్చినోడు!" అంటూ, చేతిలో గ్లాసుతోనే, చెప్పులు జారిపోతున్నా ఆగకుండా, పెళ్లీడు పిల్లలా సందులోంచి పరిగెత్తింది.

జెయ్‌హున్ వాల్వ్ తిప్పాడు.

గోడ అవతల జనమంతా ఒక్కసారి "ఆఁ" అన్నారు. మంటపంలో మంట కుంగి, నీలంగా మారి, పోయింది.

సమోవర్ పక్కన క్లౌదియా అప్పటికే లేచి నిలబడింది. ముర్సల్ వచ్చాడన్న మాట ఆమె కూడా విన్నది. అతను ఎక్కడికీ రాలేడని లోకంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అరిచినవాడి వైపు చూసింది. ఇనప పెట్టె మీద అతని చెయ్యి చూసింది. ఆకాశంలో చప్పుడు దిశ మార్చుకోవడం విన్నది. తలతిప్పి పక్కనున్న నిప్పును చూసింది. తెలివైన మనిషి. అంతా ఒక్క రెప్పపాటులో అర్థం చేసుకుంది. పరిగెత్తితే బతికేదేమో.

లేచినప్పుడు ఒళ్లోని రొట్టె కింద పడింది. ఆమె కాలు దాని మీద పడబోయి, గాల్లో ఆగింది.

చేతులు వాటంతటవే రొట్టె కోసం కిందికి వెళ్లాయి.

జెయ్‌హున్ ఆమెను పిలవలేదు. పిలవొచ్చు. నోరు తెరిస్తే చాలు. ముర్సల్ వేళ్లు గుర్తొచ్చి నోరు మూసుకుని గోడ చాటుకు ఒరిగాడు.

పేలుడు చప్పుడు గోడ గుండా అతని పళ్లలోకి వచ్చింది. ఇత్తడి ముక్కలు, బల్ల చెక్కలు, వేడి నీళ్లు వానలా కురిశాయి. దుమ్ము తగ్గాక టీకొట్టు ఉన్న చోట నల్లటి గుంట. దాని అంచున ఎర్ర సిల్కు గుడ్డ ఒకటి అంటుకుని, ఎవరూ ముట్టించని దీపంలా కాసేపు వెలిగి ఆరిపోయింది.

*

మంత్రులను గార్డులు ఆ ఇరుకు గేటులోంచే ఎత్తుకుపోయినట్టు తీసుకుపోయారు. ఒక్కరికి కూడా గీత పడలేదు. ఓడను సముద్రంలో చుట్టుముట్టారని కబురొచ్చింది. కల్నల్ అలస్గర్ గుంట అంచున నిలబడి ఎర్ర గుడ్డ మసిని బూటు కొసతో కదిపాడు.

"నా చేత్తో పెంచాను" అన్నాడు.

"అవును సార్. పెంపకంలో ఒక్క సంగతి మాత్రం మీరు నేర్పలేదు. అది ఎవరో అమ్మమ్మ నేర్పింది."

కల్నల్ వెనక్కి తిరిగాడు. టీకొట్టులో సిలిండర్ పేలిందని పేపర్లకు చెప్పమని అసిస్టెంటుకు పురమాయించి, కారెక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ అద్దం దించాడు.

"ఆవిడకి ఇప్పుడు చెప్పొచ్చు. నువ్వే చెప్పు. వాణ్ణి ఈ పనిలోకి దింపింది నువ్వేగా."

సనమ్ సందు చివర రోడ్డు మీద నిలబడి ఉంది. తన కొట్టు పోయిన వైపు ఒక్కసారి కూడా చూడటం లేదు. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, వచ్చే ప్రతి మనిషినీ చూస్తోంది. పగిలిపోకుండా మిగిలిన గ్లాసు చేతిలోనే ఉంది.

"ఏడి తమ్ముడూ? ఇక్కడున్నాడన్నావుగా? చప్పుడుకి భయపడి ఎటో పరిగెత్తి ఉంటాడు. పిరికి సన్నాసి, టపాకాయ పేలితేనే మంచం కింద దూరతాడు. చూశావా వాణ్ణి? ఎటు పోయాడు?"

జెయ్‌హున్ నోరు తెరిచాడు. అప్పుడే బాలోగ్లాన్ బస్సు హారన్ మోగించాడు. గుడిలోంచి ఎవరో గైడు, గైడు అని కేకేశారు. "ఇప్పుడే వస్తాను వదినా" అన్నాడు. అంతకంటే పిరికి మాట అతను జన్మలో ఆడలేదు. ఆమె తల ఊపింది. "వాడు కనిపిస్తే ఇక్కడే ఉన్నానని చెప్పు" అని మళ్లీ రోడ్డు వైపు తిరిగింది.

అతను గోడ వెనక్కి వెళ్లి వాల్వ్ తిప్పాడు. లోపలికి వెళ్లి జేబులోంచి సిగరెట్ లైటర్ తీసి మంటపంలో వెలిగించాడు. బుస్సుమని మంట లేచి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు నిలబడింది.

ఓ చీకటి గదిలోంచి ఒగిల్వీ బయటికొచ్చాడు. ఇంతసేపూ గోడ మీది పాత రాతలకు ఫోటోలు తీస్తూ ఉన్నాడట. టోపీ మీద సున్నం రాలి ఉంది. బయట ఏదో పేలిందిగానీ, ఈ దేశంలో ఏదో ఒకటి పేలుతూనే ఉంటుందేమో అనుకున్నాడట. ఆయన మంట ముందు నిలబడి భక్తిగా టోపీ తీశాడు.

"ఇది కూడా ఎప్పుడూ ఆరలేదా? నిజంగానా?"

గేటులోంచి సందు చివర రోడ్డు కనిపిస్తోంది. సనమ్ ఇంకా అక్కడే ఉంది.

"ఒక్క క్షణం కూడా ఆరలేదు సార్" అన్నాడు జెయ్‌హున్. ఆ రోజు అతను చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ అదే చిన్నది.